సర్జరీ వార్డు ఆడిట్: చేరినవాళ్ళందరూ చివరికి ఏమయ్యారో లెక్క తేల్చే పద్ధతి

కొత్త పీజీలు (సర్జరీలో పై చదువు చదివే డాక్టర్లు), వార్డు చూసుకునే హెడ్ నర్సులు, ఏరియా ఆసుపత్రుల సర్జన్లు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "సార్, మా వార్డు ఆడిట్ చెయ్యమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" చాలామంది ఎక్సెల్ షీట్ తెరిచి మొదలుపెడతారు. అది చివర్లో చెయ్యాల్సిన పని.

పీజీగా ఉన్నప్పుడు నేను చేసిన మొదటి ఆడిట్ సంగతి ముందు చెప్పేస్తాను. ఆరు నెలల డిశ్చార్జ్ సమ్మరీలన్నీ ముందేసుకుని, రెండు వారాలు రాత్రుళ్ళు కూర్చుని పట్టిక తయారుచేశాను. మరణాల గడి దాదాపు ఖాళీ. చీఫ్ ఒకసారి చూసి, "అయితే మన వార్డులో ఎవరూ పోవట్లేదన్నమాట" అని పక్కన పెట్టేశారు. పోయినవాళ్ళకు డిశ్చార్జ్ సమ్మరీ ఉండదు కదా! వాళ్ళ డెత్ సమ్మరీలు వేరే కట్టలో ఉన్నాయి. లామా (డాక్టర్లు వద్దన్నా సొంత బాధ్యత మీద వెళ్ళిపోవడం) రాసి వెళ్ళిపోయినవాళ్ళ కేస్ షీట్లు ఇంకో బీరువాలో ఉన్నాయి. బతికి, మందులు పట్టుకుని, నడిచి ఇంటికెళ్ళినవాళ్ళను మాత్రమే నేను లెక్కపెట్టాను. ఈ వ్యాసంలో సగం ఆ తప్పు చుట్టూనే తిరుగుతుంది.

మన ప్రభుత్వ, బోధనాసుపత్రుల జనరల్ సర్జరీ వార్డును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ప్రైవేటు ఆసుపత్రిలో రిజిస్టర్ల పేర్లు మారతాయి, పని మారదు.

## 1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"మా వార్డు పనితీరు" అనేది ప్రశ్న కాదు. ఇలా రాయండి: "జులై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు మా యూనిట్‌లో చేరిన ప్రతి పేషంటూ చేరిన 30వ రోజుకి ఏ స్థితిలో ఉన్నారు?" ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ రోజుకి అన్న మూడూ అందులో ఉండాలి.

మొదటిసారి చేసేవాళ్ళకు మూడు నెలలు చాలు. ఏడాది మొత్తం పెట్టుకుంటే నాలుగో నెలకే కాగితాలు అటకెక్కుతాయి. వానాకాలంలో పాముకాట్లు, సెల్యులైటిస్‌లు (చర్మం కింద ఇన్‌ఫెక్షన్) పెరుగుతాయి కాబట్టి, రెండో విడత ఆడిట్ మళ్ళీ అవే నెలల్లో చేస్తేనే పోలిక నిలబడుతుంది.

ఆడిట్‌కి ఒక ప్రమాణం కూడా కావాలి. ఊరికే లెక్కపెడితే అది జనాభా లెక్క. "ఇలా జరగాలి" అని ముందే ఒప్పుకున్న మాట ఒకటి ఉండి, అలా జరిగిందా లేదా అని చూస్తేనే ఆడిట్ అవుతుంది. మొదటిసారికి రెండే రెండు ప్రమాణాలు పెట్టుకోండి. నేను సాధారణంగా సూచించేవి ఇవి:

□ ముందు జాగ్రత్తగా ఇచ్చే యాంటీబయాటిక్, కోత పెట్టడానికి ముందు 60 నిమిషాల లోపల పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ అడిగేది కూడా ఇదే.
□ పెర్ఫొరేషన్ (కడుపులోనో పేగులోనో చిల్లు) అని తేలిన పేషంట్ ఓటీ (ఆపరేషన్ థియేటర్) టేబుల్ ఎక్కడానికి మీ యూనిట్ ఒప్పుకున్న గరిష్ఠ సమయం దాటకూడదు. ఎన్ని గంటలన్నది చీఫ్, అనస్థీషియా వాళ్ళు కలిసి కూర్చుని రాయాలి.

## 2. అనుమతులు

వార్డు పని మెరుగుపరచడానికి లోపల చేసుకునే ఆడిట్‌కి విభాగాధిపతి, సూపరింటెండెంట్ రాతపూర్వక అనుమతి తీసుకోండి. దాన్ని థీసిస్‌గా పెట్టే, పత్రికకు పంపే ఆలోచన ఏ మూలనైనా ఉంటే మొదటి రోజే ఎథిక్స్ కమిటీకి వెళ్ళండి. డేటా అంతా పోగేశాక వెనక తేదీతో అనుమతి రాదు.

పేరు, ఫోన్ నంబర్, ఐపీ నంబర్ (చేరినప్పుడు ఆసుపత్రి ఇచ్చే నంబర్) ఒక చోట, వైద్య వివరాలు ఇంకో చోట ఉండాలి. రెండింటినీ కలిపేది మీరిచ్చిన వరుస సంఖ్య ఒక్కటే. కేస్ షీట్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మన దగ్గర అలవాటైపోయింది. ఆడిట్ పేరుతో ఆ పని చెయ్యకండి.

## 3. ఏ పుస్తకాలు ముందేసుకోవాలి

ఒక్క రిజిస్టర్‌నే నమ్మితే నా మొదటి ఆడిట్ లాగే తయారవుతుంది. మొదలుపెట్టే ముందు ఇవన్నీ ఎక్కడ ఉన్నాయో, ఎవరి దగ్గర తాళం ఉందో కనుక్కోండి.

□ క్యాజువాలిటీ రిజిస్టర్
□ వార్డు అడ్మిషన్ రిజిస్టర్ (మగ, ఆడ వార్డులకు వేర్వేరుగా ఉంటుంది, రెండూ కావాలి)
□ నైట్ సిస్టర్ రాసే రోజువారీ సెన్సస్ పుస్తకం
□ ఓటీ రిజిస్టర్లు: ఎలక్టివ్ (ముందే తేదీ ఇచ్చి చేసేవి) ఒకటి, ఎమర్జెన్సీ ఒకటి, మైనర్ ఓటీది ఒకటి
□ ఐసీయూ అడ్మిషన్ రిజిస్టర్
□ డెత్ రిజిస్టర్, డెత్ సమ్మరీల కట్ట
□ ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో-లీగల్ కేసుల) రిజిస్టర్
□ మెడికల్ రికార్డ్స్ విభాగంలోని కేస్ షీట్లు
□ పాథాలజీ నుంచి వచ్చిన బయాప్సీ రిపోర్టులు

వీటిలో అందరూ చిన్నచూపు చూసేది సెన్సస్ పుస్తకం, నేను ఎక్కువగా నమ్మేదీ అదే. నిన్నటి పేషంట్లు ఎందరు, కొత్తగా చేరినవాళ్ళెందరు, వెళ్ళినవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు అని సిస్టర్ రోజూ కూడికలు, తీసివేతలు చేసి అప్పజెబుతారు. తేడా వస్తే డ్యూటీ దిగలేరు. డాక్టర్ రాసిన కాగితానికి అలాంటి కాపలా లేదు.

ఆరోగ్యశ్రీ ఫైళ్ళ గురించి ఒక మాట. ఫోన్ నంబర్, చిరునామా, ఆపరేషన్ తేదీ కోసం అవి బాగా పనికొస్తాయి. రోగ నిర్ధారణ కోసం మాత్రం వాటిని వాడకండి. అక్కడ ఉండేది ప్యాకేజీ పేరు. పేషంట్‌కి అసలు ఏముందో కేస్ షీట్, ఓటీ నోట్స్, బయాప్సీ చెప్పాలి.

## 4. హారం సరిచేయడం (ఇక్కడ తొందరపడకండి)

మరణాల శాతం, ఇన్‌ఫెక్షన్ శాతం అంటూ అందరూ పైనున్న అంకె మీదే దృష్టి పెడతారు. ఆడిట్లు చెడేది కింది అంకె దగ్గర. "మొత్తం ఎంతమంది?" అన్నదానికి జవాబు తేలకుండా ముందుకు కదలకండి. దీనికి వారం పట్టినా నష్టం లేదు.

మొదట అడ్మిషన్ రిజిస్టర్ నుంచి జాబితా రాయండి. తర్వాత సెన్సస్ పుస్తకంతో రోజురోజుకీ అంకె కలపండి. ఆ తర్వాత ఓటీ రిజిస్టర్లలో మీ యూనిట్ పేరున్న ప్రతి కేసూ జాబితాలో ఉందో లేదో చూడండి. చివరగా డెత్ రిజిస్టర్‌తో అదే పని. ప్రతిసారీ ఎవరో ఒకరు బయటపడతారు. క్యాజువాలిటీ నుంచి నేరుగా ఎమర్జెన్సీ ఓటీకి, అక్కడి నుంచి ఐసీయూకి వెళ్ళి, ఐసీయూలోనే పోయిన పేషంట్ పేరు వార్డు పుస్తకంలో అసలు ఎక్కదు. మీ ఆడిట్‌లో అన్నింటికంటే ముఖ్యమైన కేసు అదే.

ఈ నియమాలు ముందే రాసుకుని చీఫ్ చేత సంతకం పెట్టించండి:

తేదీ. డ్యూటీ రోజు ఉదయం తొమ్మిదికి మొదలై మర్నాడు తొమ్మిదికి ముగిసే చోట, 13వ తేదీ డ్యూటీలో రాత్రి రెండింటికి చేరిన పేషంట్‌ని 13 కిందే రాస్తారు. అసలు తేదీ 14. దీనివల్ల "చేరిన ఎంతసేపటికి ఆపరేషన్" అన్న లెక్క ఒక రోజంతా తప్పుతుంది. క్యాజువాలిటీ చీటీ మీది తేదీ, సమయమే ప్రమాణం.

బదిలీ. మీ దగ్గర ఆపరేషన్ అయి, తర్వాత మెడిసిన్‌కో ఐసీయూకో మారిన పేషంట్ చివరిదాకా మీ లెక్కలోనే ఉండాలి. షుగర్ కాలుతో చేరి, కాలు తీశాక కిడ్నీలు పాడై మెడికల్ వార్డులో పోతే ఆ మరణం రెండు విభాగాల్లోనూ మాయమవుతుంది. మెడిసిన్ వాళ్ళు సర్జరీ కేసంటారు, మనం మెడిసిన్‌కి ఇచ్చేశామంటాం.

తిరిగి చేరడం. లామా రాసి వెళ్ళి నాలుగు రోజులకు తిరిగొస్తే కొత్త ఐపీ నంబర్ ఇస్తారు. అడ్మిషన్లు రెండు, మనిషి ఒక్కరే. మీరు లెక్కపెడుతున్నది అడ్మిషన్లనా, మనుషులనా అన్నది ముందే తేల్చుకోండి. ఇన్‌ఫెక్షన్, మరణం లాంటివాటికి మనుషుల లెక్కే సరైనది.

పరిశీలనలో ఉంచినవాళ్ళు. కడుపు నొప్పితో రాత్రి చేరి, పొద్దున్నే తగ్గి వెళ్ళినవాళ్ళను కొందరు "అది కేసు కాదులే" అని వదిలేస్తారు. వదలకండి. పడక ఎక్కిన ప్రతి ఒక్కరూ లెక్కే.

## 5. ప్రొఫార్మా

ప్రతి పేషంట్‌కీ నింపే ఫారం ఇది. ఒక్క పేజీ, ఒకే వైపు. పాతిక గడులకు మించితే నింపేవాళ్ళు ఊహించి నింపడం మొదలుపెడతారు. ప్రతి గడికీ "దీంతో ఏ ప్రశ్నకు జవాబొస్తుంది?" అని అడగండి. జవాబు లేకపోతే కొట్టేయండి. పెళ్ళయిందా లేదా అన్న గడి ప్రతి థీసిస్‌లోనూ ఉంటుంది, ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు.

తప్పనిసరి గడులు:

□ ఆడిట్ వరుస సంఖ్య, వయసు, ఆడ/మగ
□ చేరిన తేదీ, సమయం; నేరుగా వచ్చారా, వేరే ఆసుపత్రి పంపిందా
□ ఎమర్జెన్సీనా, ఎలక్టివా
□ లక్షణం మొదలైన తేదీ
□ చేరినప్పటి నిర్ధారణ, చివరి నిర్ధారణ (రెండూ విడివిడిగా)
□ షుగర్, బీపీ, గుండె, కిడ్నీ, టీబీ
□ ఆపరేషన్ పేరు, మొదలైన సమయం, ఏఎస్ఏ గ్రేడ్ (మత్తుకు ముందు పేషంట్ ఆరోగ్యం ఎలా ఉందో చెప్పే అంకె), మత్తు రకం
□ గాయం తరగతి (కోత పెట్టిన చోట ఎంత మలినం చేరిందన్నదాన్ని బట్టి): క్లీన్, క్లీన్-కంటామినేటెడ్, కంటామినేటెడ్, డర్టీ
□ యాంటీబయాటిక్ పడిన సమయం, కోత పెట్టిన సమయం
□ అనుకోకుండా మళ్ళీ ఓటీకి తీసుకెళ్ళారా
□ కాంప్లికేషన్, దాని గ్రేడ్
□ వార్డు వదిలిన తేదీ, వదిలిన విధం
□ 30వ రోజు స్థితి

చేరినప్పటి నిర్ధారణను చివరి నిర్ధారణతో చెరిపేయకండి. "పెయిన్ అబ్డామెన్ ఫర్ ఎవాల్యుయేషన్" అని చేరి పెర్ఫొరేషన్‌గా తేలినవాళ్ళు ఎందరో, తేలడానికి ఎన్ని గంటలు పట్టిందో ఆ రెండు గడులే చెబుతాయి. పట్టికలో వర్గాలు చేసేటప్పుడు మాత్రం చివరి నిర్ధారణే వాడాలి.

ప్రొఫార్మా తయారయ్యాక 20 పాత కేస్ షీట్లు తీసుకుని, ఇద్దరు విడివిడిగా నింపి చూడండి. ఇద్దరి జవాబులూ కలవని గడులు తప్పకుండా ఉంటాయి. తప్పు నింపినవాళ్ళది కాదు, గడిది. దాని నిర్వచనం మార్చండి.

## 6. ఫలితం అంటే ఏమిటో ముందే రాసుకోండి

### వార్డు వదిలిన విధం

ఐదే మార్గాలు: డిశ్చార్జ్, లామా, చెప్పకుండా వెళ్ళిపోవడం, పై ఆసుపత్రికి రెఫర్, మరణం. ఈ ఐదింటి మొత్తం, జాబితా మొత్తంతో కలవాలి. ఇంకా వార్డులోనే ఉన్నవాళ్ళుంటే వాళ్ళు ఆరో గడి.

ఇక లామా. మన వార్డుల్లో పేషంట్ పరిస్థితి చెయ్యి దాటిందని చెప్పగానే చాలా కుటుంబాలు "ఊపిరుండగానే ఇంటికి తీసుకెళ్తాం" అంటాయి. ఇంట్లో పోవాలన్న కోరిక, శవాన్ని తీసుకెళ్ళే బండి ఖర్చు, ఎంఎల్‌సీ అయితే పోస్టుమార్టం భయం, ఏ కారణమైనా కావచ్చు. కాగితం మీద అది లామా. మధ్యాహ్నానికి ఊళ్ళో అది మరణం. ఇంకో రకం లామా కూడా ఉంటుంది: హెర్నియా ఆపరేషన్‌కి వచ్చి, రెండుసార్లు లిస్టు వాయిదా పడ్డాక విసిగి వెళ్ళిపోయిన రైతు. ఈ రెండింటినీ ఒకే గడిలో వేస్తే ఆ అంకెకు అర్థమే ఉండదు. "లామా, పరిస్థితి విషమం" అనీ, "లామా, స్థిమితంగా" అనీ రెండుగా రాయండి. వెళ్ళే ముందు చివరగా రాసిన పల్స్, బీపీ చూస్తే ఏదో తెలిసిపోతుంది.

ఎంత తేడా వస్తుందో చూడండి. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు. మొత్తం 400 మంది చేరారు. డిశ్చార్జ్ 340, లామా 28, చెప్పకుండా వెళ్ళినవాళ్ళు 6, రెఫర్ 12, మరణాలు 14. వార్డు పుస్తకం ప్రకారం మరణాలు 3.5 శాతం. లామా అయినవాళ్ళలో 22 మంది ఇళ్ళకు ఫోన్ కలిసింది, 9 మంది పోయారు. రెఫర్ అయినవాళ్ళలో 10 మందివి తెలిశాయి, ముగ్గురు పోయారు. ఇప్పుడు తెలిసిన మరణాలు 26, అంటే కనీసం 6.5 శాతం. వార్డు అదే, పేషంట్లు వాళ్ళే, అంకె దాదాపు రెట్టింపు.

### కాంప్లికేషన్లు

"మైనర్, మేజర్" అని రాయకండి. ఒకరి మైనర్ ఇంకొకరి మేజర్. 2004లో స్థిరపడిన క్లేవియన్-డిండో పద్ధతి వాడండి. అది కాంప్లికేషన్ పేరు అడగదు, దానికి మీరు ఏం చెయ్యాల్సి వచ్చిందని అడుగుతుంది.

- గ్రేడ్ 1: ప్రత్యేక మందులు, ఆపరేషన్ లేకుండా సరిపోయింది. జ్వరం బిళ్ళ, నొప్పి ఇంజెక్షన్, వాంతుల మందు, సెలైన్‌లో పొటాషియం ఇందులోకే వస్తాయి. మంచం దగ్గరే కుట్టు విప్పి చీము తీసినా ఇదే.
- గ్రేడ్ 2: యాంటీబయాటిక్ లాంటి ఇతర మందులు, రక్తం ఎక్కించడం, నరం ద్వారా పూర్తి పోషణ.
- గ్రేడ్ 3: ఆపరేషన్, ఎండోస్కోపీ, స్కాన్ చూస్తూ ట్యూబ్ వెయ్యడం లాంటి జోక్యం. జనరల్ అనస్థీషియా లేకుండా అయితే 3ఎ, దానితో అయితే 3బి.
- గ్రేడ్ 4: ఐసీయూ అవసరమైన ప్రాణాపాయం. ఒక అవయవం దెబ్బతింటే 4ఎ, ఒకటికి మించితే 4బి.
- గ్రేడ్ 5: మరణం.

మన దగ్గర తిరిగి కుట్టడాలు చాలావరకు స్పైనల్‌లో (వెన్నులో ఇచ్చే మత్తు) అవుతాయి. నిర్వచనం ప్రకారం అవి 3ఎ. ఓటీకి వెళ్ళారు కదా అని 3బి రాసేస్తుంటారు. ఒక పేషంట్‌కి రెండు మూడు కాంప్లికేషన్లుంటే అన్నీ రాయండి, పట్టికలో మాత్రం అన్నింటికంటే పెద్ద గ్రేడ్‌నే లెక్కపెట్టండి.

### గాయం ఇన్‌ఫెక్షన్

పైపొర ఇన్‌ఫెక్షన్‌కి గడువు 30 రోజులు. మెష్ (వల) వేసిన హెర్నియాలో లోతు ఇన్‌ఫెక్షన్ కోసం 90 రోజులు చూడాలి. కుట్టు పడిన చోట మాత్రమే చుక్క చీము ఉంటే అది లెక్కలోకి రాదు. కల్చర్‌లో ఏమీ పెరగలేదని చీము కారుతున్న గాయాన్ని "ఇన్‌ఫెక్షన్ లేదు" అనకండి. చీము కారితే చాలు.

డిశ్చార్జ్ నాటికి గాయం పొడిగా ఉందని ఊరుకోవడం అందరూ చేసే తప్పు. కుట్లు విప్పించుకోవడానికి పేషంట్ మీ దగ్గరకు రాకపోవచ్చు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరకో పీహెచ్‌సీకో వెళ్తారు. ఆ గాయం ఎలా మానిందో ఫోన్ చేస్తేనే తెలుస్తుంది.

## 7. డేటా సేకరణ: రోజుకి పావుగంట

వీలైతే పాత కేస్ షీట్లు తవ్వే పని పెట్టుకోకండి. ఈ రోజు చేరినవాళ్ళతో మొదలుపెట్టి ముందుకెళ్ళండి. ఉదయం రౌండ్స్ అయిన వెంటనే, కాఫీకి వెళ్ళేలోపు, కొత్త అడ్మిషన్లు, నిన్నటి ఆపరేషన్లు, వెళ్ళినవాళ్ళు, ఈ మూడింటినీ నింపేయండి. పావుగంట పని. వారానికొకసారి చేద్దామనుకుంటే మూడు గంటల పని, అందులో సగం జ్ఞాపకం మీద ఆధారపడి.

ఒకే హౌస్ సర్జన్ మీద మొత్తం వెయ్యకండి. పోస్టింగ్ మారగానే ఆడిట్ ఆగిపోతుంది. యూనిట్‌లో స్థిరంగా ఉండే ఒక పీజీ, ఒక స్టాఫ్ నర్స్ జంటగా బాధ్యత తీసుకోవాలి.

గడి ఖాళీగా వదలకూడదు. "లేదు" వేరు, "రాయలేదు" వేరు, "వర్తించదు" వేరు. కేస్ షీట్‌లో షుగర్ గురించి ఒక్క మాటా లేకపోతే అది "షుగర్ లేదు" కాదు, "రాయలేదు". ఈ "రాయలేదు"ల లెక్క కూడా రిపోర్టులో పెట్టండి. యాంటీబయాటిక్ సమయం సగం కేసుల్లో రాయలేదని తేలితే, అదే మీ ఆడిట్‌లో మొదటి ఫలితం.

## 8. 30వ రోజు ఫోన్

చాలామంది ఎగ్గొట్టే మెట్టు ఇది. సిద్ధం కావడం పేషంట్ చేరిన రోజే మొదలవ్వాలి. రెండు నంబర్లు తీసుకోండి. మొదటిది సాధారణంగా పక్కనున్న అటెండెంట్‌ది, వారం తర్వాత ఆయన హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిలో ఉంటారు. రెండోది ఇంట్లో ఉండేవాళ్ళదో, ఊళ్ళో దగ్గరి చుట్టానిదో అయి ఉండాలి. "ఇంటికెళ్ళాక ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటాం, ఫరవాలేదా?" అని అప్పుడే అడిగి ఒప్పించండి.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య చేయండి. పొలం పని, కూలి పని ముగించుకుని మనుషులు ఇళ్ళలో ఉండే వేళ. మాట ఇలా సాగితే ఇబ్బంది ఉండదు:

"నమస్కారం అండి. పెద్దాసుపత్రి నుంచి డాక్టర్ని మాట్లాడుతున్నాను. పోయిన నెల మీ ఇంటివాళ్ళు మా వార్డులో ఉన్నారు కదండీ. ఇంటికొచ్చాక ఎలా ఉన్నారో కనుక్కుందామని చేశాను."

ఇక్కడ ఆగండి. "బతికున్నారా?" అన్న ధ్వని ఎక్కడా రాకూడదు. మనిషి పోయి ఉంటే వాళ్ళే చెబుతారు. అప్పుడు గడులు నింపే తొందర వద్దు. "అయ్యో, ఎప్పుడండీ?" అన్న ఒక్క ప్రశ్నతో తేదీ తెలుస్తుంది, మిగతావి వాళ్ళు చెప్పినంతే. ఎవరిదైనా తిట్టు వినాల్సి రావచ్చు కూడా. వినండి. దాన్ని కూడా రాసుకోండి.

ఫోన్ ఎత్తింది పేషంటో, దగ్గరివాళ్ళో కాకపోతే జబ్బు పేరు ఎత్తకండి. "ఆయన ఉన్నప్పుడు మళ్ళీ చేస్తాను బాబూ" అని పెట్టేయండి. బాగున్నారని చెబితే అడగాల్సినవి నాలుగే:

□ గాయం నుంచి చీము, నీరు వచ్చిందా? ఎవరైనా కుట్లు మళ్ళీ విప్పారా?
□ వేరే ఆసుపత్రిలో చేరారా?
□ జ్వరం, యాంటీబయాటిక్ మందులు?
□ మామూలు పనిలోకి వెళ్తున్నారా?

మూడు వేర్వేరు రోజుల్లో ప్రయత్నించాక కలవకపోతే "తెలియదు" అని రాయండి. తెలియనివాళ్ళను బతికినవాళ్ళలో కలిపేయడం మోసం. అనుకోకుండా చేసినా ఫలితం అదే.

## 9. ఎక్సెల్‌లో ఎక్కించడం

ఇప్పుడు తెరవండి.

□ ఒక పేషంట్‌కి ఒక వరుస, ఒక గడిలో ఒక విషయం
□ తేదీలన్నీ రోజు-నెల-సంవత్సరం ఒకే పద్ధతిలో. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 5-8 అన్నది మే 8 అయి కూర్చుంటుంది
□ ఐపీ నంబర్ గడిని అంకెగా కాక టెక్స్ట్‌గా పెట్టాలి, లేకపోతే ముందున్న సున్నాలు పోతాయి
□ నిర్ధారణకు జాబితా నుంచి ఎంచుకునే ఏర్పాటు. చేత్తో టైపు చేయిస్తే ఒక్క అపెండిసైటిస్‌కే ఏడు స్పెల్లింగులు వస్తాయి
□ అసలు ఫైలు కదపకుండా, కాపీ మీద పని
□ పదింట ఒక వరుసను మళ్ళీ కేస్ షీట్‌తో పోల్చి చూడటం

డిశ్చార్జ్ తేదీ చేరిన తేదీ కంటే ముందున్న వరుసలు, ఆపరేషన్ లేదని రాసి కాంప్లికేషన్ గ్రేడ్ ఉన్న వరుసలు వెతికి సరిచేయండి. గంట పని.

## 10. లెక్కలు

వార్డులో ఉన్న రోజులకు సగటు వాడకండి, మధ్యస్థం (వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడే అంకె) వాడండి. షుగర్ కాలు పేషంట్ ఒక్కరు 70 రోజులుంటే సగటు అంతా ఆయన వైపే ఒరిగిపోతుంది.

మరణాల శాతం ఒక్కటే అంకెగా ఇవ్వకండి. ఎమర్జెన్సీ, ఎలక్టివ్ విడదీయండి. ఎందుకంటే, మళ్ళీ ఉదాహరణ అంకెలే: ఒకటో యూనిట్‌లో ఎలక్టివ్ 150లో ఒకరు, ఎమర్జెన్సీ 50లో ఐదుగురు పోయారు. మొత్తం 3 శాతం. రెండో యూనిట్‌లో ఎలక్టివ్ 60లో ఎవరూ లేరు, ఎమర్జెన్సీ 140లో 11 మంది. మొత్తం 5.5 శాతం. పైపైన చూస్తే రెండో యూనిట్ అధ్వానం. విడదీస్తే ఎమర్జెన్సీలో ఒకటో యూనిట్‌ది 10 శాతం, రెండో యూనిట్‌ది 7.9. రెండు గడుల్లోనూ రెండో యూనిట్టే మెరుగు. ఎక్కువ ఎమర్జెన్సీలు మోసిన పాపానికి వాళ్ళకు చెడ్డపేరు. ఈ లెక్క తెలియని సమీక్షా సమావేశాల్లో నేను చాలా కూర్చున్నాను.

ఆపరేషన్ అయినవాళ్ళ మరణాలు, కానివాళ్ళ మరణాలు కూడా వేరుగా చూపండి. తల దెబ్బ, పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు), బాగా ముదిరిన కాన్సర్ మీ కత్తి తగలకుండానే పోయినవి కావచ్చు.

సున్నా వచ్చినప్పుడు సంబరం వద్దు. 60 హెర్నియాల్లో ఒక్క మరణమూ లేదంటే ప్రమాదం సున్నా అని కాదు. సున్నా వచ్చినప్పుడు వాడే మోటు లెక్క ఒకటుంది, 3ని 60తో భాగించండి: అసలు ప్రమాదం 5 శాతం వరకు ఉన్నా, 60 మందిలో ఒక్కరూ పోకుండా ఉండే అవకాశం ఉంది. చిన్న అంకెల పక్కన శాతంతో పాటు "60లో 0" అని కూడా రాయండి.

## 11. ప్రతి మరణం మీదా కూర్చోవడం

పట్టిక ఎక్కడ నొప్పో చూపిస్తుంది, కారణం చెప్పదు. అందుకని ప్రతి మరణానికీ, విషమ స్థితిలో లామా అయిన ప్రతి కేసుకీ ఒక కాలరేఖ గీయండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, మొదట ఎవరికి చూపించారు, మన క్యాజువాలిటీకి ఎప్పుడొచ్చారు, సర్జన్ ఎప్పుడు చూశారు, ఎక్స్‌రే ఎప్పుడు, నిర్ణయం ఎప్పుడు, టేబుల్ ఎప్పుడు.

పెర్ఫొరేషన్ కేసుల్లో దీని విలువ బాగా తెలుస్తుంది. డ్యూయోడినల్ పెర్ఫొరేషన్‌కి (చిన్నపేగు మొదటి భాగంలో చిల్లు) బోయీ స్కోరు మూడు ప్రశ్నలే అడుగుతుంది: చేరేసరికి బీపీ పడిపోయి ఉందా, వేరే పెద్ద జబ్బులున్నాయా, చిల్లు పడి 24 గంటలు దాటిందా. మూడూ ఉన్న పేషంట్ పోతే చర్చ ఊళ్ళో జరిగిన ఆలస్యం మీదకు, రెఫరల్ దారి మీదకు వెళ్ళాలి. ఒక్కటీ లేని పేషంట్ పోతే చర్చ మన ఇంట్లోనే. రాత్రి పదకొండింటికి నిర్ణయమై తెల్లారి ఐదింటికి టేబుల్ ఎక్కితే మధ్యలో ఆరు గంటలు దేనికోసం? రక్తమా, అనస్థీషియానా, ఇంకో సిజేరియన్ నడుస్తోందా, సంతకం పెట్టే కొడుకు ఊరి నుంచి రావాలా? ఒక్కోదానికి మందు ఒక్కోటి.

సమావేశంలో "ఎవరు" అన్న ప్రశ్న రానివ్వకండి, "ఏది" అని అడగండి. డ్యూటీ పీజీ పేరు తెర మీద వేసిన మరుక్షణం నుంచి కేస్ షీట్లలో సమయాలు అందంగా మారిపోతాయి. వచ్చే ఏడాది మీ డేటా అబద్ధాల పుట్ట. నర్సులను తప్పకుండా పిలవండి. ఇంజెక్షన్ ఎందుకు ఆలస్యమైందో వాళ్ళకు తెలుసు, మనకు తెలియదు.

## 12. ఒక్క మార్పు, మళ్ళీ అదే కొలత

పది సిఫార్సులు రాస్తే ఒక్కటీ జరగదు. ఒకటి ఎంచుకోండి, డబ్బు అవసరం లేనిది.

యాంటీబయాటిక్ సంగతే తీసుకోండి. ఆడిట్‌లో ఎక్కువగా కనబడే బొమ్మ ఇది: ఓటీ రోజు ఉదయం ఏడింటికి వార్డులో అందరికీ ఒకేసారి ఇంజెక్షన్ పొడిచేస్తారు. లిస్టులో మొదటి పేషంట్‌కి అది సరిపోతుంది, నాలుగో పేషంట్‌కి కోత పడేది మధ్యాహ్నం. "ఇంజెక్షన్ ఇచ్చారా?" అని అడిగితే అందరికీ ఇచ్చినట్టే. "ఎప్పుడు?" అని అడిగితేనే బండారం బయటపడుతుంది. మార్పు: వయల్ పేషంట్‌తో పాటే ఓటీకి వెళ్తుంది, అక్కడ మత్తు ఇచ్చేవాళ్ళు వేస్తారు, సమయం అనస్థీషియా చార్టులో పడుతుంది. ఎవరు చేస్తారు, ఏ తేదీ నుంచి, ఎవరు చూస్తారు అన్న మూడూ గోడ మీద అతికించండి.

రెండో విడతకు తేదీ ఆ సమావేశంలోనే ఖాయం చేయండి. ప్రొఫార్మా మార్చాలని చేతులు దురదపెడతాయి, మార్చకండి. నిర్వచనం మారితే పోలిక పోతుంది. కొత్త గడి తప్పదనుకుంటే చివర చేర్చండి, పాతవాటి వరుస అలాగే ఉంచండి. మొదటి విడత ప్రొఫార్మాలు, నియమాల కాగితం, ఖాళీ నమూనా ఒకటి కలిపి ఒక ఫైల్లో కట్టి వార్డు బీరువాలో సిస్టర్‌కి అప్పగించండి. మీ పీజీ పూర్తయ్యేలోపు రెండో విడత రాకపోవచ్చు, మీ తర్వాత వచ్చేవాళ్ళు ఆ ఫైలే తెరుస్తారు.